పుంటికూర అని రాయండి

అత్వెల్లి,
12 జూలై 2001.

అన్న రవీందర్‌కు,

చెల్లెలు సుచిత్ర నమస్కరించి రాస్తున్నది. నాగారంలో నువ్వూ, శృతి వదినా, పిల్లలూ చల్లగా ఉన్నారనుకుంటాను. మా క్షేమం కూడా రాయడం రివాజు కాబట్టి రాస్తున్నాను. బోరు క్షేమం, మడులు క్షేమం, మీ బావ క్షేమం, అత్తమ్మ క్షేమం. లేనిది రైతుబజారు కార్డు ఒక్కటే, ఆ సంగతి నీకు తెలుసు.

పాతిక కిలోమీటర్ల దూరానికి ఉత్తరమేమిటని నవ్వుకోకు. మేడ్చల్ వెళ్ళి ఎస్టీడీ బూత్ నుంచి రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ నా గొంతు వినగానే పెట్టేశావు. ఫోన్‌కైతే ఆ సౌకర్యం ఉంది. ఉత్తరం చింపెయ్యాలన్నా ముందు చేతిలోకి తీసుకోవాలి, చేతిలోకి తీసుకున్నాక నువ్వు చదవకుండా ఉండలేవు. చిన్నప్పుడు బెల్లం పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివేవాడివి.

నీ కోపం నాకు అర్థం కాలేదని అనుకోవద్దు. ఆ కార్డు కోసం ఆరు నెలలు తిరిగావు. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి ఇంటికి పోకుండా మేడ్చల్ బస్సెక్కేవాడివి. చేను మాదేనని చూపే పహాణీ నకలు నువ్వే తెచ్చావు, మీ బావకు ఫొటో నువ్వే తీయించావు. ‘ఎల్లేష్ సొంత చేనులో ఆకుకూరలు పండించే రైతే’ అని దరఖాస్తు మీద సాక్షి సంతకం కూడా నువ్వే పెట్టావు. ఇప్పుడు ఆ సంతకం కిందే ఎర్ర సిరాతో ‘దళారి అని అనుమానం’ అని రాశారు. చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. నీకు ఇంకా ఎక్కువ మండి ఉంటుంది, పోయింది నీ మాట కాబట్టి.

ఏం జరిగిందో, కార్డు పోయిందని విని వచ్చిన రోజు వాకిట్లో నువ్వు పూర్తిగా విననే లేదు. ఇప్పుడు విను.

జూన్ ఇరవై ఆరున చేలు చూసే ఆఫీసరు గోపాలరావు గారు వచ్చారు. బజారులో కూర్చుని అమ్మేవాళ్ళు నిజంగా పండిస్తున్నారా, లేక ఎక్కడో కొని తెచ్చి రైతుల పేరున అమ్ముతున్నారా అని తేల్చడం ఆయన పని. ఆయన చేతిలో అచ్చు వేసిన కూరల జాబితా ఉంది. మా పేరుకు ఎదురుగా పాలకూర, మెంతికూర, గోంగూర అని మూడు టిక్కులు ఉన్నాయి. పాలకూర మడి చూశారు. మెంతికూర మడి చూశారు. గోంగూర ఏదని అడిగితే ‘గోంగూర మా దగ్గర లేదు’ అని జవాబు వచ్చింది. లేదని రాసుకుని వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా కార్డు రద్దయింది.

లేదన్నదాన్ని లేదని రాసుకుంటే ఆయన తప్పేముందని అంటావు. అన్నా, ఆయన నిలబడిన గట్టుకు రెండడుగుల్లో మోకాలెత్తు పుంటికూర ఉంది. కోస్తావాళ్ళు గోంగూర అనేది మనం పుంటికూర అనేదాన్నే. ఆ జాబితా అచ్చు వేసినవాళ్ళు వాళ్ళ ఇంట్లో ఏమంటారో అది వేశారు. మన ఇంట్లో ఏమంటామో ఎవరూ అడగలేదు. రెండు పేర్ల మధ్య పడి మా కార్డు పోయింది.

ఆ జవాబు ఎవరిచ్చారని నువ్వు వాకిట్లో నిలబడి అడిగావు. ఆఫీసరు వచ్చిన రోజు మీ బావ కాలిపోయిన మోటారు పట్టుకుని మేడ్చల్ వెళ్ళాడు. నేను బోరు తొట్టి దగ్గర కూర కడుగుతున్నాను. నువ్వు అడగ్గానే అత్తమ్మ లేచి ముందుకొచ్చి, ‘నేనే అన్న బిడ్డా. గోంగూర అంటే నాకేమెరుక?’ అంది.

అప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా? నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ‘బువ్వ బెట్టే కార్డును నోటితోని పోగొట్టినవు గదనే ముసల్దానా! తెల్వకపోతే నోరు మూసుకొని కూసోరాదు?’ అన్నావు. పక్కింటి జంగమ్మ చూస్తుండగా అన్నావు. బాలనర్సమ్మ అనే ఆ మనిషికి అరవై ఎనిమిదేళ్ళు. నీకు తల్లి వయసు. ఆమెను ‘ముసల్దానా’ అనే హక్కు నీకు ఎవరిచ్చారు? కార్డు తెచ్చినందుకు నీకు ఎంత రుణపడ్డా, ఆ మాటకు మాత్రం నేను తల ఊపను.

పోతూ పోతూ ఇంకో మాట అన్నావు. ‘ఇగ చేను అమ్ముకోండ్రి. పక్కన సిద్దిరాములు అమ్ముకొని మంచిగ లేడా?’ అని. సిద్దిరాములు సంగతి నేను చెప్తాను. ఆయన చేనులో ఇప్పుడు తెల్ల రంగు వేసిన ప్లాటు రాళ్ళూ, వాటి మధ్య వయ్యారిభామ మొక్కలూ ఉన్నాయి. ఆయన రోజూ సాయంత్రం వచ్చి మా గట్టు మీద కూర్చుంటాడు. మేం నీళ్ళు పారిస్తుంటే చూస్తాడు, అప్పుడప్పుడు మడిలోకి దిగి ఎవరూ అడక్కుండానే కలుపు తీస్తాడు. మంచిగ ఉన్న మనిషి ఇంకొకరి మడిలో కలుపు తీయడు.

ఉన్న ముప్పై గుంటలూ మేం అమ్మం. బేరగాళ్ళకు కూర కూడా ఇవ్వం. కార్డు లేదని తెలిసిన మరునాడే ఇద్దరు వచ్చారు. గంపలోకి తొంగి చూసి, వాడిపోయిందని మొహం పెట్టి, వాళ్ళు చెప్పిందే రేటు. ఆకుకూరకు ఆగే ఓపిక ఉండదని వాళ్ళకు తెలుసు. పొద్దున కోసింది సాయంత్రానికి గడ్డి. ఆ భయం మీదే వాళ్ళ బతుకు. మేం రెండేళ్ళు బజారులో మా కూరకు బోర్డు మీద ధర చూసుకుని, మా చేత్తో తూచి ఇచ్చాం. ఆ రుచి తెలిశాక మళ్ళీ వాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడడం నా వల్ల కాదు.

సోమవారం నేను గంపలెత్తుకుని బజారుకే పోతున్నాను. లోపలికి రానివ్వకపోతే బయట కూర్చుంటాను. రోడ్డుకు కార్డు అక్కర్లేదు కదా.

వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
సుచిత్ర


అత్వెల్లి,
9 సెప్టెంబర్ 2001.

అన్నకు,

సుచిత్ర నమస్కారాలు. ఇక్కడ వానలు బాగున్నాయి, కాస్త ఎక్కువగానే బాగున్నాయి. మెంతికూర ఒక మడి మొత్తం కుళ్ళింది. మిగిలినవి నిలబడ్డాయి, మేమూ నిలబడ్డాం.

నీ జవాబు రాలేదు. కానీ వదినకు ఫోన్ చేస్తే, నువ్వు ఉత్తరం రెండుసార్లు చదివి చొక్కా జేబులో పెట్టుకుని షిఫ్టుకు పోయావని చెప్పింది. చింపలేదు కదా, నాకు అది చాలు. అందుకే రెండోది రాస్తున్నాను.

చెప్పినట్టే సోమవారం మొదటి బస్సుకు వెళ్ళాను. రెండు గంపలు, ఒక గోనెసంచి, ఒక పాత పలక. పలక మీద ‘పుంటికూర. అత్వెల్లి. ఈ పొద్దు కోసింది’ అని రాసి గేటు పక్కన పెట్టాను. కాసేపటికి వాచ్‌మన్ బక్కయ్య వచ్చాడు. మనిషి మంచివాడే. ‘గేటు ముందర కూసోవద్దక్కా, నా నౌకరీ పోతది’ అన్నాడు. గేటు ముందర అంటే ఎంత దూరం దాకా అని అడిగాను. పాపం ఆ సంగతి ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఆలోచించి ఏడడుగులు వేసి, ‘గీడిదాంక’ అన్నాడు. నేను ఎనిమిదో అడుగులో కూర్చున్నాను.

మరునాడు లోపలి నుంచి ఎవరో గట్టిగా అన్నట్టున్నారు, బక్కయ్య పదిహేను అడుగులు కొలిచాడు. నేను పదహారుకు జరిగాను. బుధవారం ముప్పై. శనివారానికి గేటుకు దూరంగా పంక్చర్ షాపు దగ్గర తేలాను. ‘గిట్లనే జరుగుకుంట వోతే మల్ల అత్వెల్లికే చేరుతవు అక్కా’ అని ఆ షాపాయన ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. బక్కయ్య కూడా నవ్వాడు, కానీ అడుగులు మాత్రం తగ్గించలేదు.

ఇదంతా సరదాగా జరిగిందని అనుకోకు. మొదటి మూడు రోజులు సగం కూర ఇంటికి తిరిగి వచ్చింది. వాడిన కట్టలు బర్రెకు వేస్తుంటే అత్తమ్మ పక్కన నిలబడి చూసింది. బస్సులో నేను ఏడ్చాను. ఇంటికి వచ్చేసరికి మొహం కడుక్కున్నాను కాబట్టి ఎవరికీ తెలియదు, నీకే చెప్తున్నాను.

నాలుగో రోజు పార్వతీదేవి గారు కనపడ్డారు. గుంటూరు వైపు ఆవిడ, బ్యాంకులో చేసి రిటైరయ్యారు, బజారు వెనక కొత్త కాలనీలో ఉంటారు. లోపల కూర్చున్న రోజుల్లో మా దగ్గరే కూర తీసుకునేవారు. మా చోటు ఖాళీగా ఉంటే వెతుక్కుంటూ వచ్చారట. ‘గోంగూర లేదా అమ్మాయ్?’ అని అడిగారు. లేదమ్మా, పుంటికూర ఉంది అన్నాను. ఆవిడ వంగి ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని, ‘మరి ఇదేంటి?’ అన్నారు. మీ ఇంటికి పోయాక దాని పేరు గోంగూర, నా గంపలో ఉన్నంతసేపు పుంటికూర అని చెప్పాను. రోడ్డు మీద అందరూ తిరిగి చూసేలా నవ్వారు.

తర్వాత నేను కార్డు సంగతి చెప్పాను. ఆవిడ నవ్వు ఎక్కడికి పోయిందో, ఎంత కోపమొచ్చిందో నువ్వు చూడాల్సింది. ‘కూరకి రెండు పేర్లుంటే పంట లేనట్టా? మా ఊళ్ళో నన్ను పారూ అంటారు, బ్యాంకులో పార్వతీదేవి అన్నారు. అయితే ఇద్దరిలో ఎవరో ఒకరు లేనట్టేనా? పైగా ఆ గోపాలరావు మా వైపు మనిషే, నాకు సిగ్గేస్తోంది’ అన్నారు. అని, సరాసరి బజారులోకి పోయి, ఆఫీసు గదిలో దారంతో కట్టి ఉంచిన ఫిర్యాదుల పుస్తకం అడిగి తీసుకుని, ‘ఇక్కడ పుంటికూర దొరకడం లేదు. వెంటనే తెప్పించవలసింది’ అని రాసి సంతకం పెట్టి వచ్చారు.

మరునాడు ఆవిడ పక్కింటావిడ రాసింది. ఆ తర్వాత ఎదురింటావిడ. పదకొండు మంది రాశారు అన్నా. పుట్టి బుద్ధెరిగి పుంటికూర అనే మాట పలకని వాళ్ళు, వారంలో అందరూ పుంటికూర కావాలంటున్నారు. ఒకావిడ ‘పుంతికూర’ అని రాసిందట, ఇంకొకావిడ ఎందుకైనా మంచిదని ‘పుంటి గోంగూర’ అని రాసిందట. బక్కయ్య వచ్చి చెప్తే పంక్చర్ షాపులో అందరం పడీ పడీ నవ్వాం. ఆ పుస్తకం నెలకోసారి పై ఆఫీసుకు పోతుంది. పోయింది.

మొన్న శుక్రవారం కాగితం వచ్చింది. పదిహేడో తారీఖున విచారణ ఉంది. మీ బావ, ‘ఆ జవాబు చెప్పిన కుటుంబ స్త్రీ’, సాక్షి సంతకం పెట్టినవారు రావాలని రాశారు. సాక్షి అంటే నువ్వు. రావాలని అడుగుతున్నాను, బతిమాలడం లేదు. నువ్వు రాకపోయినా మేం పోతాం.

ఇంకొకటి చెప్పాలి. అత్తమ్మను ఇప్పుడు ఊళ్ళో ‘గోంగూరవ్వ’ అంటున్నారు. జంగమ్మ మొదలుపెట్టింది, ఇప్పుడు కిరాణా కొట్టులో కూడా అదే పిలుపు. ఏం గోంగూరవ్వా, ఉప్పు గావాల్నా, బియ్యం గావాల్నా అని అడుగుతారు. అత్తమ్మ నవ్వి ఊరుకుంటుంది. నాకు మాత్రం ఆ పిలుపు విన్నప్పుడల్లా ఎక్కడైనా మొహం దాచుకోవాలనిపిస్తుంది. మీ బావ పట్టించుకోవద్దంటాడు.

వానలో తడిసి షిఫ్టుకు పోకు.

సుచిత్ర


అత్వెల్లి,
21 అక్టోబర్ 2001.

అన్నకు,

నమస్కారాలు. ఈసారి క్షేమ సమాచారాల్లో ఏదీ తగ్గలేదు. కార్డు వచ్చింది. ఫొటోలో మీ బావ ఎప్పటిలాగే ఉలిక్కిపడ్డట్టు ఉన్నాడు. పంటల గడిలో ఏం రాసి ఉందో కింద చెప్తాను, ముందుకు పోకుండా వరసగా చదువు.

విచారణకు నువ్వు రాలేదు. అయిపోయింది, దాని గురించి ఇంకేం అనను. మేం ముగ్గురం పోయాం. అత్తమ్మ పెట్టెలోంచి పెళ్ళిళ్ళకు కట్టే చీర తీసి కట్టుకుంది. పెద్ద ఆఫీసరు ఆడమనిషే. బల్లకు ఒక పక్క గోపాలరావు గారు కూర్చున్నారు. పార్వతీదేవి గారు బయట బెంచీ మీద కూర్చున్నారు, పిలిస్తే వస్తానని కాదు, పిలవకపోయినా వస్తానని.

మొదట మా ముందు ఒక టైపు కాగితం పెట్టారు. ‘పంటల విషయంలో తప్పుడు సమాచారం ఇచ్చినందుకు మన్నించగలరు’ అని ఉంది. సంతకం పెడితే వారంలో కార్డు ఇస్తామన్నారు. మీ బావ పెన్ను తీసుకున్నాడు. ఆయన్ను నేను తప్పుపట్టను, రెండు నెలలు రోడ్డు మీద కూర్చున్న ఆలిని చూస్తున్న మనిషి. కానీ నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ‘తప్పు మాది కానప్పుడు సంతకం మాదెట్లా అవుతుంది మేడమ్?’ అని అడిగాను.

జవాబు చెప్పింది ఎవరని ఆవిడ అడిగారు. అత్తమ్మ కొంగు సర్దుకుని ముందుకు పోయింది. ‘నేనేనమ్మా. నాకు సదువు రాదు. మా అవ్వ పుంటికూర అన్నది, మా అమ్మ పుంటికూర అన్నది, నేను గదే అంటున్న. గీ సారు వచ్చి గోంగూర అన్నడు, లేదన్న. మా తాన ఏనుగున్నదా అన్నా లేదనే అంటుంటి. గా పక్కనే మడి ఉన్నది గద, సారుకు కండ్లు లేవా?’ అంది. అంత మాట వచ్చేసరికి మీ బావకు చెమటలు పట్టాయి.

గోపాలరావు గారు అత్తమ్మను చూశారు. తర్వాత నన్ను చూశారు. ఏదో అనబోయి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పెద్ద ఆఫీసరు ఆయన్నే అడిగారు, చేను చూసి రాశారా, మాట విని రాశారా అని. ఆయన నెమ్మదిగా, ‘మాట విని రాశాను మేడమ్. పెద్దావిడ... పెద్దావిడకి ఆ పేరు తెలియదని నాకు తట్టలేదు’ అన్నారు. ‘బజారుకి వచ్చేది కూరా, మాటా?’ అని ఆవిడ ఇంకొకటి అడిగారు. టైపు కాగితం ఆవిడే చింపేశారు.

ఆ వారంలోనే ఆయన మళ్ళీ చేనుకు వచ్చారు. ఈసారి చెప్పులు విడిచి గట్టు మీదికి ఎక్కారు. పుంటికూర మడి ముందు ఆగి, ఇదేమిటి అని అడిగారు. ‘పుంటికూర’ అంది అత్తమ్మ. ఆయన జాబితా అటూ ఇటూ తిప్పారు. అచ్చు వేసిన పేర్లలో అది లేదు కదా. చివరికి గడి పక్కన తెల్లగా ఉన్న చోట పెన్నుతో రాయబోయి, ‘పైవాళ్ళు కొట్టేస్తే మాత్రం నన్ను అనకూడదు’ అన్నారు. మీరు రాయండి సార్, కొట్టేస్తే వాళ్ళను మేం అడుగుతాం అన్నాను. పుంటికూర అని రాశారు. గోంగూర అని కూడా పక్కన రాయమంటారా అని నన్నే అడిగారు. మీ ఇష్టం సార్, ముందు మాత్రం మాది రాయండి అన్నాను.

పైవాళ్ళు కొట్టెయ్యలేదు. కార్డు మీద అట్లాగే వచ్చింది. ‘పాలకూర, మెంతికూర, పుంటికూర.’ గోంగూర అని పక్కన రాయడానికి గడిలో చోటు సరిపోలేదో, ఆయన వద్దనుకున్నారో నాకు తెలియదు. బజారులో మా చోటు కూడా మాకు తిరిగి ఇచ్చారు. నల్ల బోర్డు మీద ధరలు రాసే అతను కూడా, ఆ పదకొండు మంది ఆడవాళ్ళకు భయపడి, రెండు పేర్లూ రాస్తున్నాడు.

ఇక నీ సంగతి. వచ్చే ఆదివారం వస్తానన్నావని వదిన చెప్పింది. కార్డు చూసి పోతావట. సంతోషం. నీ సాక్షి సంతకం కింద ఉన్న ఎర్ర సిరా రాతను కొట్టేశారు, అది కూడా చూద్దువుగానీ, నకలు తెచ్చి పెట్టాను. కానీ అదే నోటితో ‘వస్త గని ఆ ముసలామెతోని మాట్లాడ’ అని కూడా అన్నావట. విచారణకు పోయి నిలబడింది ఆమె. గెలిచి వచ్చింది ఆమె. నువ్వు ఇంకా అదే పట్టు పట్టుకుని కూర్చున్నావంటే, నేను రాయాల్సింది ఒకటి మిగిలిపోయిందన్న మాట. దాన్ని ఉత్తరంలో రాయడానికి నాకు చేతులు రాలేదు. సంతకం పెట్టాక కింద రాస్తాను. రావడానికి ముందే చదువు.

నీ చెల్లెలు,
సుచిత్ర

తా.క. అన్నా, ఆ రోజు మడి దగ్గర ఉన్నది అత్తమ్మ కాదు. కూర కడుగుతూ తొట్టి దగ్గర ఉన్నది ఆమె. మడిలో ఉన్నది నేను.

గోంగూర ఏదని గోపాలరావు గారు అడిగితే, ఇదే సార్ అని చేత్తో చూపించాను. ఆయన చూశారు కూడా. దీన్ని మేం పుంటికూర అంటామని చెప్పాను. ‘అలా అనకూడదమ్మా. గోంగూర అను. సరిగ్గా పలికితే రాసుకుంటాను’ అన్నారు, ఒకటో తరగతి పిల్లకు చెప్పినట్టు. ఏడేళ్ళుగా నేను విత్తి, నేను కలుపు తీసి, నేను కోస్తున్నదాన్ని, నా మడిలో నిలబడి నాతో పేరు మార్చి పలికిస్తున్నాడు. నాకు ఎక్కడో కాలింది. ‘అయితే గోంగూర మా దగ్గర లేదు సార్. అట్లనే రాసుకోండి’ అన్నాను. ఆయనకూ కాలింది, అట్లాగే రాసుకున్నాడు. విచారణలో ఆయన నా సంగతి ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు నీకు తెలిసింది కదా. అన్నది నేనని చెబితే, కళ్ళతో మడి చూసి కూడా లేదని రాశానని ఆయనే ఒప్పుకోవాలి.

అత్తమ్మకు గోంగూర అంటే తెలియదనుకున్నావా? రైతుబజార్లు రాకముందు పదేళ్ళు మీ నాగారం కాలనీల్లోనే గంప నెత్తిన పెట్టుకుని ‘గోంగూరమ్మా గోంగూర’ అని కేకేసి అమ్మింది. అట్లా అంటేనే తలుపులు తెరుచుకుంటాయని తెలిసి అన్నది. నువ్వు వాకిట్లో అరుస్తూ అడిగినప్పుడు నేను చెప్పడానికి నోరు తెరిచాను. నాకంటే ముందు ఆమె లేచింది. తర్వాత ఎందుకట్లా చేశావని అడిగితే, ‘అమ్మానాయిన పోయినంక నీకు పుట్టిల్లంటే ఆడొక్కడే. నీ మీద కోపానికొస్తే మల్ల రాడు. నన్నంటే ఏంబోయె, ముసల్దాన్ని’ అంది. నేను ఊరుకున్నాను. నీకు రాసిన మొదటి ఉత్తరంలో అదే అబద్ధం రాశాను, రెండోదానిలో దిద్దలేదు. మీ బావకు కూడా తెలియదు, ఇది పోస్టు డబ్బాలో వేసి వచ్చాక చెప్తాను.

గోపాలరావు గారికి లొంగలేదని నాకేం బాధ లేదు. ఆమె వెనక దాక్కున్నందుకు మాత్రం సిగ్గుగా ఉంది. నువ్వు ఆమెను అన్న మాటలన్నీ నావి. ఆదివారం వచ్చినప్పుడు ముందు ఆమె దగ్గరికి పో. ఆ తర్వాత మడి దగ్గరికి వచ్చి నన్ను ఎంత తిడతావో తిట్టు. కానీ రేపు ఇంకో ఆఫీసరు వచ్చి అదే మాట పలకమంటే, నేను మళ్ళీ ఆ జవాబే చెప్తాను, ఈసారి నా పేరు కూడా చెప్పి.